బొమ్మ బండి

మా అత్తయ్యకు రోజుకు పదిసార్లు గుండెపోటు వచ్చేది. పని ఎక్కువున్న రోజైతే ఇంకా ఎక్కువ. మధ్యలో ఒకటి రెండుసార్లు మెట్ల మీంచి జారిపడేది, ఓసారి పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకునేది. సాయంత్రం నేను ఇంటికెళ్ళేసరికి కాళ్ళు చాపుకుని టీవీ చూస్తూ, "అమ్మాయ్, ఇవాళ మీ బండి మన వీధి మలుపు దగ్గర గిరగిరా తిరిగింది. దారి తప్పినట్టుంది, మీవాళ్ళకి చెప్పు" అనేది.

నవ్వకండి. అది నా ఉద్యోగం. ఆమెది జీతం లేని ఉద్యోగం, అంతే తేడా.

మా కంపెనీ తయారుచేసేది అంబులెన్సును పిలిచే యాప్. ఫోన్‌లో ఎర్ర బటన్ నొక్కితే కంట్రోల్ రూమ్‌లో గంట మోగుతుంది, దగ్గర్లో ఉన్న బండికి అడ్రసు వెళ్తుంది. ఆ బండి ఎక్కడిదాకా వచ్చిందో నొక్కినవాళ్ళ ఫోన్‌లో మ్యాప్ మీద కనిపిస్తుంది. ఈలోగా కంట్రోల్ రూమ్ నుంచి తిరిగి ఫోన్ చేసి ఏమైందో కనుక్కుంటారు. యాప్‌లో ఏ చిన్న మార్పు చేసినా, అది జనం చేతికి వెళ్ళకముందే అన్నీ సరిగ్గా నడుస్తున్నాయా లేదా అని చూసేదాన్ని నేను. అందుకని అసలు సిస్టమ్‌కి నకలు ఒకటి పక్కన పెట్టుకున్నాం. దాని పేరు రిహార్సల్. రిహార్సల్‌లో ఎన్నిసార్లు నొక్కినా నిజం బండి కదలదు, మ్యాప్ మీద ఒక బొమ్మ బండి మాత్రం బయలుదేరి, వీధులన్నీ తిరిగి, 'వచ్చేసింది' అని చూపించి ఆగుతుంది.

ఆఫీసులో కూర్చుని నేనొక్కదాన్నే నొక్కితే సగమే తెలుస్తుంది. ఇళ్ళల్లోంచి నొక్కేవాళ్ళు కావాలి. అందుకని ఆఫీసులో అందరం మా ఇంటివాళ్ళ మెడలు వంచాం. మిగతావాళ్ళు నాలుగు రోజులకే విసుక్కున్నారు. మా అత్తయ్య మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. ఆమె టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. మోగిన ఫోన్‌ను ఎత్తకుండా వదలడం ఆమె ఒంట్లో లేదు. కంట్రోల్ రూమ్‌లో పెద్దావిడ ఒకరుండేవారు, నేను అక్కా అనేదాన్ని. ఆవిడ తిరిగి ఫోన్ చేసి, "ఏం పెద్దమ్మా, ఇది ఎన్నో గుండెపోటు?" అని అడిగితే, "లెక్క నువ్వు రాసుకోవాలి తల్లీ, పోయేదాన్ని నేను" అనేది మా అత్తయ్య. ఇద్దరూ ఫోన్‌లో పడీపడీ నవ్వుకునేవారు.

ఇలా నడుస్తుండగా మా మేనేజరు ఎక్కడో ఏదో మీటింగుకి వెళ్ళొచ్చి, "ఇంకా చేత్తో నొక్కుతూ కూర్చుంటే ఎలాగమ్మా? రేపటి నుంచి ఆటోమేషన్" అన్నాడు. అన్నం తినడానికి టైము లేకుండా నొక్కేది నేను, విసుగు మాత్రం ఆయనకి! అయినా మాట నిజమే. ప్రతి మార్పుకీ అవే బటన్లు అదే వరసలో నొక్కీ నొక్కీ నా తల ప్రాణం తోకకొస్తోంది.

నాకు తోడుగా ఒక ప్రోగ్రామరునిచ్చారు. మెదడు చురుకు, చెయ్యి అంతకంటే చురుకు. మనం ప్రశ్న పూర్తి చేసేలోపు జవాబు టైపు చేసేసేవాడు. అందుకే ఆఫీసంతా తొందరబాబు అంటారు. నన్ను అక్కా అంటాడు, నేను ఒరే అంటాను.

ఆటోమేషన్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. నా చేతులు చేసే పనిని మెట్టు మెట్టుగా రాసి కంప్యూటరుకి అప్పజెప్పడమే. యాప్ తెరువు. ఫలానా నంబరు ఎక్కించు. 'ఛాతీ నొప్పి' ఎంచుకో. ఎర్ర బటన్ నొక్కు. 'బండి బయలుదేరింది' అని కనిపించేదాకా ఆగు. కనిపిస్తే ఆకుపచ్చ గీత, కనిపించకపోతే ఎర్ర గీత. మొదటి రోజు అన్నీ ఎర్ర గీతలే. యాప్ ఇంకా తెరుచుకోకముందే మా ప్రోగ్రాము బటన్ నొక్కేస్తోంది. "నీ పోలికే వచ్చిందిరా దీనికి" అన్నాను. ఆగడం నేర్పడానికే రెండు రోజులు పట్టింది.

మూడో రోజు అన్నీ పచ్చగా వచ్చాయి. వాడు కుర్చీలోంచి ఎగిరాడు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. యాప్‌లోంచి ఎర్ర బటన్‌నే తీసేయించి మళ్ళీ నడపమన్నాను. అప్పుడూ పచ్చే! బటన్ లేకపోయినా పచ్చ గీత గీస్తోంది మహాతల్లి. చూస్తే, స్క్రీను తెరుచుకుందా లేదా అని చూసి అక్కడితో ఊరుకుంటోంది. వాడి ముఖం మాడిపోయింది. అప్పటి నుంచి ఏ టెస్టు రాసినా ముందు యాప్‌ను చెడగొట్టి, అది ఎర్రబడుతుందని కళ్ళారా చూశాకే నమ్మాలని పట్టుబట్టాను. వాడికి అది చాదస్తం.

నంబర్ల దగ్గర చిక్కొచ్చింది. ఉత్తుత్తి నంబర్లు ఇద్దామంటే యాప్ తీసుకోదు, ప్రతి నంబరుకీ మెసేజీ పంపి నిజమైనదో కాదో తేల్చుకుంటుంది. దాంతో చేత్తో నొక్కే రోజుల్లో వాడిన మా ఇళ్ళ నంబర్లే టెస్టుల్లోకి ఎక్కించాం. అన్నిటికంటే పైన మా అత్తయ్యది.

"ఇక మీరు నొక్కక్కర్లేదు అత్తయ్యా, కంప్యూటరే నొక్కుతుంది" అని చెప్పి, ఆమె ఫోన్‌లోంచి రిహార్సల్ యాప్ తీసేశాను. అసలు యాప్ ఒక్కటే ఉంచాను.

"అయితే నా ఉద్యోగం ఊడిందన్నమాట" అంది నవ్వుతూ. ఆ సాయంత్రమంతా టీవీ పెట్టలేదు. అది నాకు తెలుస్తూనే ఉంది.

ఆ తర్వాత కొన్ని వారాలకు, ఆస్పత్రులు నడిపేవాళ్ళు కొందరు మా యాప్ చూడటానికి వచ్చారు. పొద్దున్నే మేనేజరు కొత్త చొక్కాలో మెరిసిపోతున్నాడు. అద్దాల గదిలో గోడంత స్క్రీను. అతిథులు వరసగా కూర్చున్నారు. స్క్రీను మీద మా టెస్టులు ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. పక్కన మ్యాప్ మీద బండ్లు కదులుతున్నాయి, గీతలు పచ్చగా పడుతున్నాయి. నేనూ తొందరబాబూ గది బయట మా టేబుల్ దగ్గర ల్యాప్‌టాపులు ముందేసుకుని కూర్చున్నాం.

"నడుస్తున్నది అసలు సిస్టమ్ అక్కా!" అన్నాడు వాడు గుసగుసగా, గర్వంగా.

"రిహార్సల్ కాదూ?"

"రిహార్సల్ చూపిస్తే ఎవడు నమ్ముతాడని సార్ అన్నారు. అసలుదాని మీదే చూపించమన్నారు."

"మరి బండ్లు నిజంగా బయలుదేరిపోవూ?"

"నేనంత వెర్రోణ్ణా? నిన్న సాయంత్రమే ఏర్పాటు చేసేశా. మన టెస్టు నంబర్ల నుంచి కాల్ వస్తే అసలు సిస్టమ్ కూడా బొమ్మ బండినే పంపుతుంది. కంట్రోల్ రూమ్‌లో గంట కూడా మోగదు. వాళ్ళకి చీకూచింతా లేదు."

ఒక్క క్షణం నాకూ అది తెలివైన పనిలాగే అనిపించింది. తర్వాత ఆ లిస్టులో అన్నిటికంటే పైనున్న నంబరు గుర్తొచ్చింది.

"ఒరే, ఆ నంబర్లు ఎవరివిరా?"

"మనవే. అంటే, మనవాళ్ళవి."

"బతికున్న మనుషులవి కదరా! వాళ్ళలో ఎవరికైనా నిజంగా ఏదైనా అయి బటన్ నొక్కితే?"

"ఒక్క పూటే అక్కా. వీళ్ళు వెళ్ళగానే తీసేస్తా. ఏదైనా అయ్యేది సరిగ్గా ఈ పూటే అవుతుందా?"

నాకు ఒళ్ళు మండింది. గొంతు లేచింది కాబోలు, అద్దం అవతలి నుంచి మేనేజరు కళ్ళెర్రజేసి, పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. నేను ఫోన్ తీసుకుని వరండాలోకి నడిచాను. అత్తయ్యకు ఒక్క మాట చెప్పి పెడితే నాకు స్థిమితం. 'ఈ పూట ఏ అవసరం వచ్చినా యాప్ ముట్టుకోకండి, నాకు చేయండి' అని, అంతే.

ఫోన్ మోగింది. మోగి మోగి ఆగిపోయింది. స్నానంలో ఉందేమో అనుకున్నాను. మళ్ళీ చేశాను. రెండుసార్లు మోగి కట్ అయింది.

కట్ అయిందంటే కట్ చేసింది. ఎవరు చేసినా ఎత్తే మనిషి, అమ్మకాలవాళ్ళు చేసినా కుశలం అడిగి గాని పెట్టని మనిషి, కోడలి ఫోన్ కట్ చేసింది.

మూడోసారి చేశాను. మొదటి గంటకే కట్ చేసింది.

పరిగెత్తుకుంటూ టేబుల్ దగ్గరికి వచ్చాను. ల్యాప్‌టాప్‌లో పొద్దుటి నుంచి వచ్చిన కాల్స్ అన్నీ వరసగా ఉన్నాయి. మా అత్తయ్య నంబరు అడుగడుగునా ఉంది, టెస్టులు నడుస్తున్నాయి కదా, ఉండకేం చేస్తుంది? ఛాతీ నొప్పి, పచ్చ. మెట్ల మీంచి పడటం, పచ్చ. ఛాతీ నొప్పి, పచ్చ. ఆమె పేరు మీద ఆమెకు కాని రోగాలన్నీ పచ్చగా బారులు తీరి ఉన్నాయి. వాటిలో ఆమె ఉందో లేదో ఎలా తెలుస్తుంది? కిందికి జరుపుతూ పోయాను.

ఒకచోట ఛాతీ నొప్పి. వెంటనే మళ్ళీ ఛాతీ నొప్పి. మళ్ళీ.

"ఒరే, ఇటు చూడు. మన టెస్టు ఒకసారి నొక్కాక మళ్ళీ నొక్కుతుందా?"

"లేదక్కా. ఒక్కసారే నొక్కి ఆగుతుంది. రాకపోతే ఎర్ర గీత గీసి..." వాడు నా స్క్రీను చూశాడు. "ఇవి మనవి కావు" అన్నాడు.

యంత్రమైతే ఒకసారి నొక్కి ఊరుకుంటుంది. భయపడ్డ మనిషే మళ్ళీ మళ్ళీ నొక్కుతుంది.

కంట్రోల్ రూమ్ అక్కకి ఫోన్ చేశాను. నా గొంతు వినగానే ఆవిడ హుషారుగా, "ఏమ్మా, పెద్దమ్మ గొంతు విని ఎన్నాళ్ళైందో! ఎలా ఉంది?" అంది.

"అక్కా, ఆవిడకి నిజంగా గుండెపోటొచ్చింది. బండి పంపండి."

ఆవిడ కిలకిలా నవ్వింది. "చాల్లే ఆపు. మళ్ళీ టెస్టులు మొదలెట్టారా?"

"అక్కా!" అని అరిచాను. ఎంత అరిచానంటే అద్దాల గదిలో అందరూ ఇటు తిరిగారు. "టెస్టు కాదు. నా పిల్లల మీద ఒట్టు. మీకు గంట మోగకుండా చేశారు మావాళ్ళు. ఆమె నొక్కుతూనే ఉంది, మీదాకా రావడం లేదు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఉండు, నేనే చేత్తో ఎక్కిస్తా. పెద్దమ్మ నంబరు నాకు నోటికొచ్చు." టకటకా అక్షరాలు కొట్టిన చప్పుడు వినిపించింది. "ఆ, బయలుదేరింది. మీ వీధికి దగ్గర్లోనే... ఇదేంటి, బండికి నంబరు లేదు? డ్రైవరు పేరు లేదు?"

"అది బొమ్మక్కా!" నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఆమె నంబరు కొడితే మీకైనా బొమ్మే వస్తుంది. నా నంబరు మీద పెట్టండి. అడ్రసు మా ఇంటిది రాయండి. నా నంబరు ఆ లిస్టులో లేదు."

"చెప్పు, నీ నంబరు చెప్పు."

సొంత నంబరు నోటికి రాలేదు. తొందరబాబు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని చెప్పాడు. "బయలుదేరింది" అంది అవతలి నుంచి అక్క. "డ్రైవరుతో మాట్లాడా. నిజం బండేనమ్మా, నిజం బండే."

మేనేజరు బయటికొచ్చాడు. వెనక తలుపు తెరిచే ఉంది. "ఏంటమ్మా ఇది? లోపల పెద్దవాళ్ళున్నారు" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

నేను స్క్రీను వైపు వేలు చూపించాను. "సార్, అదిగో, మా వీధిలో ఆగి ఉందే, ఆ బండి. అది మా అత్తయ్య కోసం వెళ్ళింది. ఆవిడ గుండెపోటుతో దానికోసం కూర్చుని ఉంది. అందులో డ్రైవరు లేడు సార్."

స్క్రీను మీద ఇంకో పచ్చ గీత పడింది.

"మా అత్తయ్య నంబరు తీసేయ్. ఇప్పుడే, ఈ నిమిషమే" అని తొందరబాబుతో చెప్పి, బ్యాగు కూడా తీసుకోకుండా మెట్లు దిగాను.

టాక్సీలో మా ఆయనకు ఫోన్ చేశాను. సరుకు లారీల వెంట వేరే ఊరు వెళ్ళాడు, ఫోన్ అందలేదు. నా ఫోన్‌లో యాప్ తెరిస్తే మ్యాప్ మీద బండి కనిపిస్తోంది. పెద్ద రోడ్డు దాటింది. వంతెన ఎక్కింది. నాలుగేళ్ళుగా ఆ మ్యాప్‌ను నేను కన్నబిడ్డలా చూసుకున్నాను. దాని మీద బండి ఎలా కదలాలో, ఎక్కడ ఎలా తిరగాలో నేను చెప్పినట్టే చేశారు. ఇప్పుడు అదే మ్యాప్ చూస్తుంటే నాకు ఒక్క ముక్క నమ్మబుద్ధి కావడం లేదు. బండి నంబరూ డ్రైవరు పేరూ కంట్రోల్ రూమ్‌కే కనిపిస్తాయి, ఫోన్‌లో అది బండో బొమ్మో చూసి తేల్చుకునే దారి నాకే తెలియదు. మేం అంత బాగా చేశాం. 'వచ్చేసింది' అని పడింది. నేను కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, "అక్కా, నిజంగా వచ్చిందా? ఎవరైనా ఆమెను చూశారా?" అని అడిగాను.

"ఎక్కించుకున్నారమ్మా. ఊపిరి ఉంది. మీ ఇంటి దగ్గరి పెద్దాస్పత్రికే తీసుకెళ్తున్నారు, నువ్వూ అటే పో" అంది. ఆవిడా ఏడుస్తోంది.

ఆస్పత్రి వరండాలో మా ఎదురింటి టైలరు నిలబడి ఉన్నాడు. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. చేతిలో మా అత్తయ్య చెప్పులు. నన్ను చూడగానే, "లోపలికి తీసుకెళ్ళారమ్మా. రక్తం గడ్డ ఏదో అడ్డుపడిందట, తీస్తున్నారు" అన్నాడు.

"మీరు ఎప్పుడు చూశారు బాబాయిగారూ?"

"చాలాసేపైందమ్మా. గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని ఉంది, చెమటలు కారిపోతున్నాయి. ఏంటమ్మగారూ అంటే ఛాతీ పట్టేసిందంది. నా వ్యాను ఇక్కడే ఉంది, ఎక్కండి, అయిదు నిమిషాల్లో దింపేస్తానన్నా." ఆయన చెప్పులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "వినలేదమ్మా. 'వద్దు నాయనా, మా కోడలి బండి వస్తోంది, అందులో ఆక్సిజనూ అన్నీ ఉంటాయి' అని ఫోన్ చూపించింది. నిజమే, దాంట్లో బండి వస్తోంది. నేనూ చూశా. మలుపు తిరిగింది. వచ్చేసింది అని పడింది. ఇద్దరం వీధి ఆ చివరిదాకా చూశాం, ఏదీ లేదు. పదండమ్మా అని మళ్ళీ అన్నా. 'మా అమ్మాయి ఎన్నేళ్ళు కష్టపడిందో నాకు తెలుసు, అది తప్పు చూపించదు' అంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ బయలుదేరిందని వచ్చింది. మధ్యలో నీ ఫోన్లొస్తుంటే కట్ చేసేసింది. కంట్రోల్ రూమ్‌వాళ్ళు చేస్తారు, లైను ఖాళీగా ఉండాలి అంది."

నేను గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాను. యాప్ అసలు పనిచేయకపోయి ఉంటేనే ఆమెకు మేలు జరిగేది. 'బండి రాదు' అని ఒక్క ఎర్ర గీత పడితే ఆ క్షణమే టైలరు వ్యాను ఎక్కేది. నా మీద నమ్మకమే ఆమెను గేటు దగ్గర కూర్చోబెట్టింది. పాపం టైలరు, ఏం చెప్పాలో తెలియక చెప్పులు నా పక్కన పెట్టి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళాడు.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చింది. "గండం గడిచినట్టే. కానీ గుండె కొంత దెబ్బతింది. ఆ భాగం ఇక కోలుకోదు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేది. ఎందుకు ఆలస్యమైంది?" అని అడిగింది.

"బండి రాలేదండీ" అన్నాను.

లోపలికి వెళ్ళనిచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ముఖం పాలిపోయి ఉంది, ముక్కు దగ్గర గొట్టాలు. నన్ను చూసి కనురెప్పలు ఎత్తింది.

"ఏమే, అన్నం తిన్నావా?"

నాకు దుఃఖం ఆగలేదు. ఆమె చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

"ఊరుకో. ట్రాఫిక్కులో ఇరుక్కుని ఉంటుందిలే బండి. దానికి నువ్వేం చేస్తావు?" అంది. నా కోసం సాకు కూడా ఆమే వెతికి పెట్టింది. ఔనత్తయ్యా, ట్రాఫిక్కే అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"ట్రాఫిక్కు కాదత్తయ్యా. మొదట మీకు కనిపించింది నిజం బండి కాదు. బొమ్మ. ఆఫీసుకి ఎవరో వచ్చారని, టెస్టు నంబర్ల నుంచి ఎవరు నొక్కినా బొమ్మే వెళ్ళేలా అసలు సిస్టమ్‌లో పెట్టారు. ఆ నంబర్లలో మీది ఉంది. ఎక్కించింది నేనే."

ఆమె పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. పక్కన యంత్రం కీచుకీచుమంటోంది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"ఆ నంబర్లలో నేనొక్కదాన్నేనా?" అంది.

నేను తల ఎత్తాను.

"నాది తీసేశారు సరే. మిగతావాళ్ళవో?"

వచ్చేటప్పుడు నేను వాడితో అన్నది 'మా అత్తయ్య నంబరు తీసేయ్' అని. అంతే అన్నాను. అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"ఎలా ఉందక్కా?" అన్నాడు తొందరబాబు, గొంతు పూడుకుపోయి.

"బతికింది. మిగతా నంబర్లు తీసేశావా?"

"నువ్వు చెప్పగానే అమ్మగారిది టెస్టుల్లోంచీ లిస్టులోంచీ తీసేశానక్కా. మొత్తం లిస్టు తీయాలంటే సిస్టమ్ ఒకసారి ఆపాలి. వచ్చినవాళ్ళు ఇంకా వెళ్ళలేదు, సాయంత్రం చూద్దామన్నారు సార్."

"అందులో మీ నాన్న నంబరు ఉందా?"

అవతల కుర్చీ పడిన చప్పుడు, దూరంగా మేనేజరు కేకలు, వాడు తిరిగి అరవడం వినిపించాయి. వాడు అరవగా నేనెప్పుడూ వినలేదు. కాసేపటికి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చి, రొప్పుతూ, "తీసేశానక్కా. టెస్టులు ఆపేసి అన్నీ తీసేశా" అన్నాడు.

నేను ఊపిరి పీల్చుకుని మంచం దగ్గరికి వచ్చాను. "తీసేశాడట అత్తయ్యా."

"చూశావా?" అంది కళ్ళు మూసుకునే.

చూడలేదు. వాడు చెప్పాడు, నేను విన్నాను.

కంట్రోల్ రూమ్ అక్కకి సంగతి చెప్పి, మావాళ్ళ నంబర్ల నుంచి ఇప్పుడు కాల్స్ వస్తాయి, గంట మోగిందో లేదో నాకు చెప్పాలి, బండ్లు మాత్రం ఆపాలి అని మాట తీసుకున్నాను. తర్వాత అత్తయ్య మంచం పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, అందరికంటే ముందు తొందరబాబు వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాను.

"బాబాయిగారూ, మీ ఫోన్‌లో మన యాప్ తెరిచి ఎర్ర బటన్ ఒక్కసారి నొక్కండి."

"ఎందుకమ్మా? నాకేం కాలేదే. నిక్షేపంలా ఉన్నా" అన్నాడాయన కంగారుగా.

"అందుకేనండీ" అన్నాను. "ఇప్పుడే నొక్కండి."